సంఘర్షణకు విశ్వాసం ఇచ్చే జవాబు: ఒక సమాధాన పరిచర్య శిక్షణ, మధ్యవర్తిత్వ సేవలపై సమీక్ష

క్రైస్తవ సంఘాల్లో తలెత్తే తగాదాలను వాక్యపు వెలుగులో పరిష్కరించుకోవడానికి శిక్షణ ఇస్తూ, అవసరమైన వారికి మధ్యవర్తులను కూడా ఏర్పాటు చేసే ఒక సమాధాన పరిచర్య (విరిగిన సంబంధాలను తిరిగి కలిపే) సేవను నేను మొదట విద్యార్థిగానూ, ఆ తరువాత ఒక వివాదంలో ఒక పక్షంగానూ ఉపయోగించుకున్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పద్ధతిలో, దాదాపు ఇవే వాక్యభాగాల ఆధారంగా నడిచే సేవలు అనేకం ఉన్నాయి కనుక, ఒక సంస్థ మంచిచెడ్డల కంటే ఆ పద్ధతి మంచిచెడ్డలను పరిశీలించడమే పాఠకులకు ఎక్కువగా ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. సమాన బలం ఉన్న ఇద్దరి మధ్య వచ్చిన తగాదాకు ఈ సేవ చాలా మంచిది. ఒకరి చేతిలో అధికారం ఉండి, మరొకరు దాని కింద నలిగిపోయిన చోట మాత్రం, ఇప్పుడున్న రూపంలో దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెప్పక తప్పదు. లోపం విశ్వాసంలో ఉందని నేను అనుకోవడం లేదు; విశ్వాసం చెప్పిన దానిలో సగాన్నే ఈ పద్ధతి తరచుగా వాడుకుంటోంది.

శిక్షణ అంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. ముందే చిత్రీకరించిన ప్రసంగాలను ఎవరి వీలునుబట్టి వారు విని, పాఠ్యపుస్తకంలోని ప్రశ్నలకు జవాబులు రాసుకుని, వారం వారం జరిగే బృంద చర్చకు రావాలి. బోధకుల్లో ఒకరు చాలాకాలం సంఘ కాపరిగా పనిచేసినవారు, మరొకరు న్యాయవాద వృత్తి నుంచి మధ్యవర్తిత్వంలోకి వచ్చినవారు. ఈ జోడీ బాగా కుదిరింది. కాపరి ప్రసంగ ధోరణిలో పడినప్పుడల్లా న్యాయవాది ‘సరే, ముందుగా ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఏమని మొదలుపెట్టాలి’ అని అడిగి పాఠాన్ని ఆచరణ వైపు మళ్లించేవారు. బృందాలు చిన్నవి కావడం వల్ల సాధారణంగా మౌనంగా కూర్చునే వారికి కూడా మాట్లాడే అవకాశం దొరికింది.

మత్తయి సువార్త 18వ అధ్యాయం ఈ శిక్షణకు వెన్నెముక. తప్పు చేసిన సహోదరుని దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజేయాలి అని చెప్పే 15 నుంచి 17 వరకు గల వచనాలు విశ్వాసులందరికీ తెలిసినవే. చాలా చోట్ల వాటిని ఒకరిని వెలివేయడానికి ముందు పూర్తిచేయవలసిన లాంఛనాలుగా వాడుతుంటారు. ఈ శిక్షణ ఆ పొరపాటు చేయలేదు. ఆ మూడు వచనాలకు ముందు, తప్పిపోయిన గొర్రెను వెదకబోయే కాపరి ఉపమానం ఉంది. తరువాత, ఏడు సార్లు క్షమిస్తే చాలా అన్న పేతురు ప్రశ్న, పదివేల తలాంతుల అప్పును మాఫీ చేయించుకుని కూడా తనకు నూరు దేనారాలు బాకీపడిన తోటి దాసుని గొంతు పట్టుకున్న దాసుని కథ ఉన్నాయి. దేనారం అంటే ఒక కూలివాని రోజు కూలి. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. ఆ లెక్కన మాఫీ పొందినది 6 కోట్ల రోజుల కూలి, మాఫీ చేయనిది 100 రోజుల కూలి. ఇక్కడ బోధకుడు ఆగి, 100 రోజుల కూలి కూడా చిన్న మొత్తం కాదని, తోటి దాసుడు నిజంగానే బాకీ ఉన్నాడని గుర్తుచేయడం నాకు ఎంతో నచ్చింది. బాకీయే లేదని నటించడాన్ని క్షమాపణ అనరు. ఉన్న బాకీని ఉన్నట్టు లెక్కగట్టి, ఆ తరువాత దాన్ని వదులుకోవడం క్షమాపణ. ఈ ఒక్క వివరణ కోసమైనా ఈ పాఠాన్ని సంఘ పెద్దలందరూ వినాలి.

అయితే అదే అధ్యాయపు మొదటి భాగాన్ని పాఠం దాదాపు వదిలేసింది. తనయందు విశ్వాసముంచిన చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచేవాని, అంటే తప్పుదారి పట్టించి పడగొట్టేవాని, మెడకు తిరుగటిరాయి కట్టి, లోతైన సముద్రంలో ముంచివేయడం వానికి మేలని ప్రభువు 6వ వచనంలో అంటారు. సువార్తల్లో ఇంత కఠినమైన మాటలు అరుదు. ఒంటరిగా వెళ్లి మాట్లాడమన్న సలహా ఈ హెచ్చరిక తరువాతనే వస్తుంది. అంటే, ముందు బలహీనులను కాపాడటం, తరువాత సహోదరుల మధ్య సర్దుబాటు అనే వరుస ఆ అధ్యాయంలోనే ఉంది. ఈ వరుస తెలియకపోతే ఏమవుతుందో మా బృంద చర్చలోనే కనిపించింది. ఇంట్లో చేయి చేసుకునే భర్త విషయంలో ఈ క్రమాన్ని ఎలా పాటించాలని ఒక సోదరి అడిగితే, చర్చ నడుపుతున్న వ్యక్తి కొంత తడబడి, ముందు ఒంటరిగా మాట్లాడి చూడాలని, ప్రార్థనలో ఎదురుచూడాలని, అప్పటికీ మారకపోతే పెద్దలను పిలవాలని చెప్పారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే సలహా. కొట్టే మనిషి దగ్గరికి దెబ్బలు తిన్న మనిషిని ఒంటరిగా పంపమని ఆ వచనం చెప్పడం లేదు. ముందు ఆమె సురక్షితంగా ఉండే చోటు, వైద్యం, పోలీసుల రక్షణ, ఆ తరువాతనే మిగతావన్నీ. హింస ఉన్న చోట ఇరుపక్షాలను ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదన్నది మధ్యవర్తిత్వం నేర్చుకునేవారు తొలి పాఠాల్లోనే తెలుసుకోవలసిన విషయం. న్యాయవాది అయిన బోధకుడు ఆ చర్చలో ఉండి ఉంటే ఇలా జరిగేది కాదేమో. కానీ ఒక వ్యక్తి హాజరుపై ఆధారపడవలసిన విషయం కాదిది. పాఠ్యపుస్తకంలోనే స్పష్టంగా అచ్చయి ఉండవలసినది.

యోసేపు కథను బోధించిన తీరు ఇందుకు పూర్తిగా భిన్నంగా ఉంది. నా దృష్టిలో మొత్తం శిక్షణలో అత్యుత్తమమైన పాఠం అదే. 17 ఏళ్ల వయసులో అన్నల చేతిలో అమ్ముడుపోయి, తరువాత ఐగుప్తులో అధిపతి అయిన యోసేపు, కరువు కాలంలో ధాన్యం కోసం వాళ్లే తన ముందుకు వచ్చి సాష్టాంగపడినప్పుడు వెంటనే కౌగిలించుకోలేదు. వేగులవారని నిలదీశాడు, వాళ్లలో ఒకడైన షిమ్యోనును బంధించాడు, తమ్ముడు బెన్యామీనును తీసుకురమ్మన్నాడు, చివరికి అతని గోనెలో వెండి గిన్నె పెట్టించాడు. ఇవన్నీ పగ తీర్చుకునే ప్రయత్నాలని చాలామంది ప్రసంగాల్లో చెబుతుంటారు. ఇది ఒక పరీక్ష అని బోధకుడు వివరించారు. తండ్రికి ముద్దుబిడ్డ అయిన మరొక తమ్ముణ్ని వదిలేసి తాము తప్పించుకునే అవకాశం మళ్లీ వస్తే ఈ అన్నలు ఏం చేస్తారన్నదే యోసేపు చూడదలచుకున్నది. ఆ క్షణంలో ముందుకు వచ్చి, తమ్ముడికి బదులు తానే దాసునిగా ఉండిపోతానన్న యూదా, ఒకప్పుడు యోసేపును అమ్మేద్దామని సలహా ఇచ్చిన యూదాయే. ఆ మాట విన్న తరువాతనే యోసేపు తన్ను తాను అణచుకోలేక బిగ్గరగా ఏడ్చాడు. గాయపడిన మనిషి మనసులో ఎప్పుడో క్షమించి ఉండవచ్చు. తెగిన బంధం మళ్లీ అతకాలంటే మాత్రం గాయపరచిన మనిషి మారినట్టు కనబడాలి, దానికి కాలం పట్టవచ్చు, గాయపడినవారే ఆ పరీక్ష పెట్టవచ్చు అని ఇంత స్పష్టంగా చెప్పిన పాఠాన్ని నేను ఇంతకు ముందు వినలేదు. ఈ పాఠాన్నీ 18వ అధ్యాయపు పాఠాన్నీ తయారుచేసినది ఒకే బృందమని తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయాన్ని కూడా శ్రద్ధగా చదివించారు. అనుదిన పరిచర్యలో, అంటే రోజువారీ ఆహార పంపిణీలో, తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకుభాష మాట్లాడే యూదులు సణిగినప్పుడు అపొస్తలులు చేసిన పనిని గమనించాలి. ఐక్యత గురించి ప్రసంగించి ఊరుకోలేదు, సణుగు పాపమని గద్దించలేదు. సణిగినవారి మాటలో నిజముందని ఒప్పుకుని, పంపిణీ బాధ్యతనే మరొకరి చేతికి అప్పగించారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ, స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, అన్నీ గ్రీకు పేర్లే. అంటే అన్యాయానికి గురైన వర్గానికే తాళంచెవులు అందాయని అర్థం. సంఘంలో వచ్చే ఫిర్యాదులను ఆత్మీయ లోపంగా చూసే అలవాటు ఎంత బలంగా ఉందో తెలిసినవారికి ఈ వాక్యభాగం విలువ అర్థమవుతుంది. చాలా తగాదాలకు మూలం వ్యక్తుల స్వభావంలో కంటే పని పంచిన తీరులో, లెక్కలు దాచిన తీరులో ఉంటుంది. ఆ తీరు మారకుండా ఇద్దరి చేతులు కలిపి ప్రార్థిస్తే, కొంతకాలానికి అవే చేతులు మళ్లీ విడిపోతాయి.

పౌలు, బర్నబా తమ సహాయకుడు యోహాను మార్కును వెంట తీసుకెళ్లే విషయంలో తీవ్రంగా వాదించుకుని వేర్వేరు దారుల్లో వెళ్లిపోయిన ఘట్టానికి ఒక చిన్న పాఠమే కేటాయించారు. అది సరిపోతుంది. విడిపోవడం కూడా కొన్నిసార్లు నిజాయితీగల ముగింపేనని, ఏళ్ల తరువాత మార్కును తీసుకురమ్మని, అతడు పరిచారానికి ప్రయోజనకరమైనవాడని తిమోతికి రాసిన రెండవ పత్రికలో పౌలే చెప్పాడని గుర్తుచేసి ముగించారు.

యుద్ధం గురించిన పాఠం నిరాశపరచింది. కొన్ని షరతులకు లోబడిన యుద్ధం న్యాయమే కావచ్చని చెప్పే, వేదాంతి అగస్టీను కాలం నుంచి రూపుదిద్దుకున్న న్యాయయుద్ధ సిద్ధాంతాన్నీ, 16వ శతాబ్దం నుంచి ఆయుధం పట్టనని నిలబడిన అనాబాప్తిస్టుల సంప్రదాయాన్నీ, 1660లో ఇంగ్లండు రాజుకు తమ అహింసా ప్రకటనను అందజేసిన క్వేకర్లనే క్రైస్తవ వర్గాన్నీ ఒకే ప్రసంగంలో కుక్కేశారు. ఈ సంప్రదాయాల మధ్య ఉన్న భేదం ఎంత లోతైనదో చెప్పడానికి సమయం చాలలేదు. యుద్ధబాధితులకు చేసిన సేవకు క్వేకర్ల సంస్థలు రెండు 1947లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాయి. యుద్ధానికి దూరంగా ఉండటమంటే చేతులు కట్టుకుని కూర్చోవడమేనన్న అపోహకు అంతకంటే గట్టి జవాబు లేదు. దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు.

దేశాల స్థాయిలో జరిగిన సమాధాన ప్రయత్నాల్లో మొజాంబిక్ ఉదాహరణ బాగా తయారైన పాఠం. 1977 నుంచి సాగిన అంతర్యుద్ధాన్ని ఆపడానికి ప్రభుత్వ పక్షమైన ఫ్రెలిమో, తిరుగుబాటు పక్షమైన రెనామో 1990 జూలైలో రోములో చర్చలకు కూర్చున్నాయి. వాళ్లకు ఆతిథ్యమిచ్చినది 1968లో అక్కడి విద్యార్థులు ప్రారంభించిన సాంత్ ఎజీదియో అనే కాథలిక్ సముదాయం. దాని స్థాపకుడు ఆంద్రేయా రిక్కార్డి, ఫాదర్ మత్తేయో జుప్పి, మొజాంబిక్‌లోని బెయిరా నగర ఆర్చ్‌బిషప్ జైమె గొన్సాల్వెస్, ఇటలీ ప్రభుత్వ ప్రతినిధి మారియో రఫాయెల్లి మధ్యవర్తులుగా కూర్చున్నారు. రెండేళ్లకు పైగా సాగిన చర్చల తరువాత 1992 అక్టోబరు 4న ఒప్పందం కుదిరింది. సైన్యం గాని, ఆంక్షలు విధించే శక్తి గాని లేని ఒక విశ్వాసుల సముదాయం ఇంత పని చేయగలగడానికి కారణం, ఇరుపక్షాలూ దాని ఉద్దేశాన్ని అనుమానించకపోవడమేనని పాఠం చెబుతుంది. ఆ మాట నిజమే. అయితే ఒప్పందం తరువాత ఆయుధాలు అప్పగించే కార్యక్రమాన్ని, 1994 ఎన్నికలను పర్యవేక్షించడానికి ఐక్యరాజ్యసమితి దళాలు రావలసి వచ్చిన సంగతిని ఈ పాఠం చెప్పకుండా వదిలేసింది. విశ్వాసం తెరిచిన తలుపును నిలబెట్టడానికి చట్టం, వ్యవస్థ అవసరమయ్యాయి. విశ్వాసం పాత్రను తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. ప్రార్థనతో మొదలైన పనిని పర్యవేక్షణతో పూర్తిచేయడం విశ్వాసానికి విరుద్ధం కాదని విద్యార్థికి తెలియాలి.

రువాండా పాఠం వినడం కష్టం. 1994లో జాతి పేరుతో జరిగిన మారణహోమంలో, సుమారు 100 రోజుల్లో 8 లక్షల మంది వరకు హతమైన ఆ దేశంలో జనాభాలో అత్యధికులు క్రైస్తవులే. ఆశ్రయం దొరుకుతుందని న్యమాటా, న్తరామా వంటి చోట్ల చర్చిల్లోకి పరుగెత్తినవారిని ఆ చర్చిల్లోనే చంపారు. కొందరు గురువులు, కాపరులు హంతకులతో చేతులు కలిపారు. మరికొందరు విశ్వాసులు తమ ప్రాణాలకు తెగించి పొరుగువారిని దాచారు. సంఘం చేసిన పాపాలకు, దాని సభ్యుల పాపాలకు దేవుని క్షమాపణ వేడుకుంటున్నానని పోప్ ఫ్రాన్సిస్ 2017 మార్చిలో అన్నారు. దీన్ని పాఠ్యప్రణాళికలో పెట్టినందుకు నిర్వాహకులను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. బాప్తిస్మం పొందినంత మాత్రాన మనిషి సంఘర్షణలో సమాధానపరచువాడిగా మారిపోడని, జాతి పేరుతో వచ్చే పిలుపు ఆదివారపు ఆరాధన కంటే బలంగా వినిపించవచ్చని ఒప్పుకోని సమాధాన పరిచర్యను నేను నమ్మలేను. ఈ పాఠం తరువాత చర్చ పెట్టకుండా, ప్రతి ఒక్కరినీ తమ సంఘంలో ఎవరిని ‘వాళ్లు’ అని పిలుస్తారో రాసుకోమన్నారు. అది సరైన నిర్ణయం.

దక్షిణాఫ్రికా దగ్గరకు వచ్చేసరికి పాఠం మళ్లీ తేలికైపోయింది. ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన 1996 ఏప్రిల్‌లో వర్ణవివక్ష పాలన కాలపు నేరాలపై విచారణలు మొదలుపెట్టిన సత్య, సమాధాన కమిషన్‌ను క్షమాపణ సాధించిన విజయంగా మాత్రమే చూపించారు. ఆ కమిషన్ ముందు క్షమాభిక్ష ఊరికే దొరకలేదు. రాజకీయ ఉద్దేశంతో చేసిన నేరాన్ని పూర్తిగా, దాచకుండా బయటపెట్టాలన్నది షరతు. అందిన 7,112 దరఖాస్తుల్లో 849 మందికే క్షమాభిక్ష లభించింది. మరోవైపు, హతుల కుటుంబాల్లో కొన్ని ఈ క్షమాభిక్ష తమకు న్యాయస్థానపు తలుపు మూసేస్తోందని రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లి వాదించాయి. బాధితులకు ఇవ్వవలసిన పరిహారం ఏళ్ల తరబడి ఆలస్యమై, చివరికి 2003లో ఒక్కొక్కరికి 30,000 ర్యాండ్ల చొప్పున, కమిషన్ సిఫారసు చేసిన దానికంటే చాలా తక్కువగా ప్రకటించారు. అక్కడి క్రైస్తవ వేదాంతులే 1985లో విడుదల చేసిన కైరోస్ పత్రంలో, అన్యాయం కొనసాగుతుండగా సమాధానపడమని చెప్పే సంఘాన్ని గట్టిగా తప్పుపట్టారు. ఆ పత్రం ప్రస్తావన పాఠంలో ఎక్కడా లేదు. టూటూ మాటల్లోని కరుణను మెచ్చుకుంటూ, అదే నేలమీద అదే విశ్వాసంతో పుట్టిన ఈ గద్దింపును వదిలేయడం న్యాయం కాదు.

ఇక్కడే పన్నులు వసూలు చేసే జక్కయ్య గుర్తుకు రావాలి. లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య క్షమించమని వేడుకున్నట్టు ఒక్క మాటా లేదు. తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానని నిలబడి చెప్పాడు. దొంగిలించిన గొర్రెకు బదులు నాలుగు గొర్రెలు ఇవ్వాలన్న ధర్మశాస్త్రపు ఆజ్ఞ నిర్గమకాండములో ఉంది. జక్కయ్య తనను తాను ఆ కొలతతోనే కొలుచుకున్నాడు. నేడు ఈ యింటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నది ఆ మాట తరువాతనే. పశ్చాత్తాపానికి లెక్కల పుస్తకం కూడా ఉంటుందని దీనికంటే బాగా చెప్పే భాగం నాకు తెలియదు. మొత్తం శిక్షణలో పరిహారం గురించి ప్రత్యేకమైన పాఠం లేకపోవడం పెద్ద లోటు. మధ్యవర్తిత్వంలో కూర్చున్నప్పుడు ఆ లోటు నాకు నేరుగా తగిలింది.

2006 అక్టోబరు 2న అమెరికాలోని నికెల్ మైన్స్ గ్రామంలో ఒక వ్యక్తి, అనాబాప్తిస్టు సంప్రదాయానికి చెందిన ఆమిష్ క్రైస్తవుల పాఠశాలలోకి చొరబడి 10 మంది బాలికలపై కాల్పులు జరపగా అయిదుగురు చనిపోయారు. గంటలు గడవకముందే ఆమిష్ పెద్దలు ఆ హంతకుని కుటుంబాన్ని ఓదార్చడానికి వెళ్లారు, తరువాత అతని సమాధి కార్యక్రమానికి కూడా హాజరయ్యారు. ఈ సంఘటనను చూపించే పాఠం విన్నవారందరినీ కదిలించింది, నన్ను కూడా. అయితే ఆ హంతకుడు కాల్పుల తరువాత తన ప్రాణం తీసుకున్నాడు. అతనితో మళ్లీ ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. క్షమించడం ఒక మనిషి ఒంటరిగా కూడా చేయగలిగిన పని. సమాధానపడటానికి ఇద్దరూ కావాలి. ఈ తేడాను యోసేపు పాఠంలో అంత చక్కగా చూపినవారు ఇక్కడ మళ్లీ చెప్పి ఉంటే, ఇంకా దెబ్బలు తింటున్నవారు ఈ ఉదాహరణ విని తమను తాము నిందించుకునే ప్రమాదం తప్పేది.

ఇక మధ్యవర్తిత్వ సేవ. సంఘ సహాయ నిధిని ఖర్చు చేసే విషయంలో నాకూ మరొక కమిటీ సభ్యునికీ మధ్య మొదలైన భేదాభిప్రాయం, మాటలు లేని స్థితికి చేరిన తరువాత ఇద్దరమూ దీనికి ఒప్పుకున్నాము. మధ్యవర్తులు ఇద్దరు. ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, ఏం జరిగిందో, దానివల్ల ఏం నష్టపోయామో, ఏం కోరుతున్నామో వేర్వేరుగా రాయించుకున్నారు. ఉమ్మడి సమావేశంలో వారు పెట్టిన నియమం చాలా సరళమైనది, చాలా కష్టమైనది: ఎదుటివారి బాధను వారు ‘అవును, నేను చెప్పినది ఇదే’ అని ఒప్పుకునేంత వరకు నేను నా మాటల్లో చెప్పాలి, ఆ తరువాతనే నా జవాబు. ప్రేమ కలిగి సత్యం చెప్పాలన్న ఎఫెసీయుల పత్రికలోని మాటను ఇంత కచ్చితమైన క్రమశిక్షణగా మార్చడం నేను ఎక్కడా చూడలేదు. రసీదులు అడగడాన్ని తన నిజాయితీపై నిందగా అవతలివారు తీసుకున్నారని నాకు అక్కడే తెలిసింది. రసీదులు లేకపోవడం వల్ల సహాయం అందని కుటుంబాలకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారన్నది వారికి అక్కడే తెలిసింది. చివరికి నిధి లెక్కలను ఇద్దరు సంతకం చేసే పద్ధతికి మార్చాలని, నెలకొకసారి సంఘం ముందు చదవాలని రాతపూర్వకంగా ఒప్పుకున్నాము. కొంతకాలం తరువాత మధ్యవర్తులు తమంతట తామే ఫోన్ చేసి అమలు ఎలా ఉందో కనుక్కున్నారు. సేవ నాణ్యత తెలిసేది ఇలాంటి చోటనే.

రెండు విషయాలు నాకు నచ్చలేదు. మొదటిది, ఉమ్మడి సమావేశానికి ముందు చేసిన ప్రార్థన. కఠినమైన మా హృదయాలను మెత్తపరచి, ఒకరినొకరు క్షమించుకునే కృప దయచేయమని మధ్యవర్తి ప్రార్థించారు. ఇంకా ఎవరి మాటా వినక ముందే ఇద్దరూ సమానంగా దోషులని, క్షమాపణ దొరకకపోతే అది కఠిన హృదయం వల్లనేనని ఆ ప్రార్థన తేల్చేసింది. మా విషయంలో నష్టం జరగలేదు. నిజంగానే గాయపడిన మనిషి ఆ కుర్చీలో ఉంటే మాత్రం, తాను దేవుని ముందు ముద్దాయినని అనుకుని నోరు మూసుకుంటారు. సత్యాన్ని ధైర్యంగా పలికే, ఓర్పుతో వినే శక్తిని అడగడం చాలు. కీర్తనల గ్రంథంలో న్యాయం కోసం మొరపెట్టే కీర్తనలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని చదివి మొదలుపెట్టినా బాగుంటుంది.

రెండవది, ప్రారంభంలో సంతకం చేయించే పత్రంలోని ఒక నిబంధన. ఈ విషయమై న్యాయస్థానానికి వెళ్లబోమని ఒప్పుకోవాలని, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయాన్ని ఆధారంగా చూపుతూ అందులో రాసి ఉంది. సహోదరుని మీద సహోదరుడు వ్యాజ్యెమాడటాన్ని పౌలు తప్పుపట్టిన మాట వాస్తవమే. కానీ ఆ భాగాన్ని చివరి వరకు చదివితే, పౌలు గద్దిస్తున్నది అన్యాయం చేస్తున్నవారిని, అపహరిస్తున్నవారిని అని కనిపిస్తుంది. మాట్లాడుతున్నది అత్యల్పమైన సంగతుల గురించి. అదే పౌలు ఫిలిప్పీలో తనను విచారణ లేకుండా కొట్టించిన న్యాయాధిపతులు తామే వచ్చి బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు, యెరూషలేములో కొరడా దెబ్బలకు ముందు తన రోమా పౌరసత్వాన్ని ప్రస్తావించాడు, చివరికి కైసరు ఎదుట చెప్పుకుంటానని అన్నాడు. చట్టం ఇచ్చిన రక్షణను అడగడం అతనికి అవిశ్వాసంగా తోచలేదు. నిధి లెక్కల వంటి వివాదాలకు ఈ నిబంధన పర్వాలేదు. నేరాలకు, పిల్లలపై లైంగిక దౌర్జన్యానికి, ఇంట్లో హింసకు ఇది వర్తించదని అదే పత్రంలో, అదే పరిమాణంలోని అక్షరాలతో రాయాలి. అలాంటి విషయం బయటపడితే గోప్యత హామీ కూడా చెల్లదని, అధికారులకు తెలియజేస్తామని ముందే చెప్పాలి. ఇప్పుడున్న పత్రంలో ఈ రెండూ లేవు.

కమిటీల్లో, కుటుంబాల్లో, ఉమ్మడి పనుల్లో మాట పెరిగి మనసులు విరిగిన వారికి, ఇద్దరూ ఇష్టపూర్వకంగా వచ్చే పక్షంలో, ఈ మధ్యవర్తిత్వాన్ని సందేహం లేకుండా సిఫారసు చేస్తాను. శిక్షణను కాపరులు, పెద్దలు, యువజన నాయకులు తప్పక తీసుకోవాలి. యోసేపు, అపొస్తలుల కార్యములు 6, రువాండా పాఠాలను రెండుసార్లు వినాలి. కాపరి మీదనో, పెద్ద మీదనో, యజమాని మీదనో ఫిర్యాదు ఉన్నవారు ముందుగా సంఘానికి బయట ఉన్న న్యాయ సలహా తీసుకుని, ఆ తరువాతనే వీరి దగ్గరికి వెళ్లాలా అని ఆలోచించాలి. వెళ్లినా, తమకు నమ్మకమైన ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటామని ముందే అడగాలి. మేము అడిగినప్పుడు నిర్వాహకులు అందుకు అభ్యంతరం చెప్పలేదు. పైన రాసిన లోపాలను వారికి వివరంగా రాసి పంపాను. సంతకాల పత్రాన్ని సవరిస్తున్నామని, పక్షాల మధ్య అధికార భేదాన్ని, హింసను ముందే కనిపెట్టే ప్రశ్నావళిని తరువాతి విడత నుంచి తొలి విడి సంభాషణలోనే చేరుస్తామని జవాబు వచ్చింది. ఆ ప్రశ్నావళి చేతికి అందాక దాన్ని చదివి, ఈ సమీక్షలోని ఆ భాగాన్ని తిరిగి రాస్తాను.